భయపెట్టారు సరే, తర్వాత ఏం చెయ్యాలో చెప్పారా?

పొగమంచు కమ్మిన మడుగు. నీటి మీద నల్లటి అంగీ తొడుక్కున్న ఒక ఆకారం. తలమీద ముసుగు ఉంది, ముసుగులో మొహం లేదు. గట్టున ఆడుకుంటున్న పిల్లలకు అది కనపడదు. అది మాత్రం తాపీగా, ఏ తొందరా లేకుండా మాట్లాడుతూనే ఉంటుంది: ఎవడు జారతాడు, ఎవడు గొప్పకు పోతాడు, ఎవడు హెచ్చరిక బోర్డును లెక్కచెయ్యడు అని. 1973లో బ్రిటన్ ప్రభుత్వం బడిపిల్లల కోసం తీయించిన ‘లోన్లీ వాటర్’ ఇది. నిడివి సుమారు 90 సెకన్లు. దర్శకుడు జెఫ్ గ్రాంట్. ఆ గొంతు డొనాల్డ్ ప్లెజెన్స్‌ది. 1967లో జేమ్స్ బాండ్ సినిమాలో విలన్ బ్లోఫెల్డ్ వేషం వేసిన నటుడు ఆయన. ఆ రోజుల్లో అక్కడ చిన్నపిల్లలుగా ఉండి ఇప్పుడు యాభైలు, అరవైల్లో ఉన్నవాళ్ల జ్ఞాపకాల్లో ఆ ముసుగు ఇంకా చెక్కుచెదరలేదు.

ఇలాంటివి వందలకొద్దీ వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధకాలపు సమాచార మంత్రిత్వ శాఖ స్థానంలో 1946లో సెంట్రల్ ఆఫీస్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అనే సంస్థ పుట్టింది, 2012లో మూతపడింది. రోడ్డు దాటడం, అగ్గిపుల్లలతో ఆట, కొత్తవాళ్ల వెంట వెళ్లడం, టపాసులు, రైలు పట్టాలు, కరెంటు... దేని మీదైనా ఆ సంస్థ చిన్న చిత్రాలు తీయించి టీవీ చానళ్లకు ఉచితంగా ఇచ్చేది. ఒక కార్యక్రమానికీ ఇంకో కార్యక్రమానికీ మధ్య నిమిషమో రెండు నిమిషాలో ఖాళీ వస్తే చానల్ వాళ్లు వాటితో పూడ్చేవారు. ఫలానా టైముకు వస్తుందని ముందుగా ఎవరికీ తెలియదు. బొమ్మల కార్యక్రమం అయిపోయి, పాలగ్లాసు ఇంకా చేతిలో ఉండగానే మడుగు మీద ముసుగు ప్రత్యక్షమయ్యేది. చూస్తామని కూర్చున్న దెయ్యం సినిమా కన్నా చెప్పకుండా వచ్చిన 90 సెకన్లు లోతుగా దిగడానికి సగం కారణం ఇదే.

ఈ చిత్రాల గురించి ఇప్పుడు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. పసిపిల్లలను అలా జడిపించడం క్రూరమని ఒకరంటారు. అలా జడిపించబట్టే బతికామని ఇంకొకరంటారు. రెండూ అసలు సంగతిని తాకడం లేదని నా అభిప్రాయం. భయపెట్టారా లేదా అన్నది కాదు, ఆ భయంతో పిల్లవాడు ఏం చెయ్యాలో చేతిలో పెట్టారా లేదా అన్నది చూడాలి. పెట్టినచోట ఆ చిత్రం మంచి పని చేసింది. పెట్టనిచోట అది పీడకల మాత్రమే. ఇంకోటి కూడా ఉంది. పెద్దవాళ్లు సరిచెయ్యాల్సిన తప్పును పిల్లల నెత్తిన రుద్దిన చిత్రాలు కొన్ని ఉన్నాయి. వాటిని ఎంత బాగా తీసినా నేను సమర్థించలేను.

ముందు మడుగు చిత్రాన్నే దగ్గరగా చూద్దాం. అందులో ప్రమాదాలు మూడు. బురదగట్టు మీంచి వంగి నీళ్లలో పడ్డ బంతిని అందుకోబోయే పిల్లవాడు. నీటి మీదికి వంగిన కొమ్మను పట్టుకుని వేలాడేవాడు. చెత్త పారబోసిన చోట, హెచ్చరిక బోర్డు ఉన్నా, ఈతకు దిగినవాడు. ఈ మూడింటి ఎంపికలో చాలా తెలివి ఉంది. మడుగు గట్టు అంచు పైకి గట్టిగా కనిపిస్తుంది, కింద నీరు మట్టిని కోసేసి ఉంటుంది. బరువు అంచు మీద పడగానే పెళ్ల ఊడుతుంది. నీటి మీది కొమ్మ పచ్చగా ఉందో పుచ్చిపోయిందో బెరడు చూసి పిల్లలు పోల్చుకోలేరు. ఇక చెత్త వేసిన నీళ్లలో అడుగున పాత మంచాలు, సైకిళ్లు, ఇనుపతీగలు ఉంటాయి. కాలు ఇరుక్కుంటే ఎంత ఈత వచ్చినా లాభం లేదు.

బ్రిటన్ నీళ్లకు చలి అదనం. అక్కడి చెరువులు, నదులు ఎండాకాలంలో కూడా చాలాచోట్ల చల్లగానే ఉంటాయి. అంత చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే మనిషి తన ప్రమేయం లేకుండానే గట్టిగా ఊపిరి లోపలికి లాగుతాడు. ఆ క్షణంలో నోరు నీళ్ల కింద ఉంటే ఊపిరికి బదులు నీళ్లు వెళతాయి. తర్వాత ఒకటి రెండు నిమిషాలు ఆయాసం, గుండెదడ. ఈత బాగా వచ్చినవాళ్లు సైతం గట్టుకు నాలుగు బారల దూరంలో మునిగిపోవడానికి కారణం ఇదే. ఈ సంగతి ‘లోన్లీ వాటర్’ చెప్పదు. 1824 నుంచి అక్కడి సముద్రతీరాల్లో మనుషులను కాపాడుతున్న స్వచ్ఛంద సంస్థ ఆర్ఎన్ఎల్ఐ ఇప్పుడు దీన్నే చెబుతోంది: పడగానే ఈదవద్దు, తల వెనక్కి వాల్చి చెవులు నీళ్లలో మునగనివ్వు, చేతులు మెల్లగా ఆడిస్తూ తేలు, ఊపిరి కుదురుకున్నాక అప్పుడు ఈదడమో కేకెయ్యడమో చెయ్యి. ఇందులో ముసుగు లేదు, మంచు లేదు, అయినా చేతులకూ కాళ్లకూ పని ఉంది.

అలాగని ‘లోన్లీ వాటర్’కు తీసివేత మార్కులు వెయ్యను. దాని చివరి 20 సెకన్లు చాలామంది మర్చిపోతారు. మునుగుతున్న కుర్రవాణ్ని వేరే పిల్లలు చూస్తారు. ఎవరూ దూకరు. కర్ర అందించి లాగుతారు. తెలివైన పిల్లల మీద తన శక్తి పనిచెయ్యదని ఆ ఆకారమే ఒప్పుకుంటుంది, అంగీ కుప్పకూలుతుంది, మిగిలిన గుడ్డను ఒక పిల్లవాడు నీళ్లలోకి విసిరేస్తాడు. మళ్లీ వస్తానన్న గొంతు ప్రతిధ్వనిస్తూ చిత్రం ముగుస్తుంది. పెద్దయ్యాక గుర్తున్నది ఆ గొంతు. కాపాడింది మాత్రం ఆ కర్ర. దూకవద్దు, అందించు అన్న ఒక్క పాఠాన్ని మాట లేకుండా చూపించిన చిత్రం అది. ఆ కర్ర లేకపోతే నేను దీని పక్షాన నిలబడేవాణ్ని కాదు.

1977లో వచ్చిన ‘అపాచీస్’ ఇంకా కఠినం. 27 నిమిషాలు. దర్శకుడు జాన్ మెకెంజీ. పల్లెటూరి బడుల్లో చూపించడానికి తీశారు. ఆరుగురు పిల్లలు పొలంలో అమెరికా ఆదివాసులైన ‘రెడ్ ఇండియన్ల’ ఆట ఆడుతుంటారు. ఐదుగురు ఒకరి తర్వాత ఒకరు పోతారు. ట్రాలీ మీంచి జారి చక్రం కింద పడి ఒక పాప, పేడనీళ్ల గుంతలో మునిగి ఒక బాబు, పొలం మందు తాగి ఇంకో పాప, మీద గేటు పడి ఒకడు, ట్రాక్టరు పల్లంలోకి దొర్లిపోయి ఆఖరివాడు. కథ చెప్పే గొంతు ఆఖరివాడిదే. ఇంట్లో ఏదో విందుకు ఏర్పాట్లు జరుగుతున్నాయని వాడు చెబుతుంటాడు. అది వాడి అంత్యక్రియల విందని చివర్లో అర్థమవుతుంది. ఒక పిల్ల చావుకూ ఇంకో పిల్ల చావుకూ మధ్య ఎవరూ గుండెలు బాదుకోరు, మిగతావాళ్లు మర్నాడు మళ్లీ ఆటకు వస్తారు. మందు తాగిన పాప చావును మనకు చూపించను కూడా చూపించరు. రాత్రి, బయటినుంచి ఇల్లు, లోపల్నుంచి అమ్మను పిలుస్తూ కేకలు. అంతే. చిత్రం అయిపోయాక, అంతకుముందు ఏడాదిలో బ్రిటన్ పొలాల్లో నిజంగా చనిపోయిన పిల్లల పేర్లు తెర మీద వస్తాయి.

దీన్ని వ్యవసాయం తెలిసినవాళ్లు చూస్తే రక్తం కన్నా లెక్కలు భయపెడతాయి. ట్రాక్టరు గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. ఎంత నెమ్మది! కానీ అది సెకనుకు దాదాపు 3 మీటర్లు. ట్రాలీ ముందు భాగం నుంచి జారిన పిల్లకూ వెనక చక్రానికీ మధ్య దూరం అంతకన్నా తక్కువే. డ్రైవరుకు కేక వినపడి, అర్థమై, బ్రేకు మీదికి కాలు వెళ్లేసరికే చక్రం ఎక్కేసి ఉంటుంది. పైగా ఇంజను చప్పుడులో కేకే వినపడదు.

పేడనీళ్ల గుంత మన రైతులకు అంత పరిచయం లేనిది. చలిదేశాల్లో పశువులు నెలల తరబడి కొట్టాల్లోనే ఉంటాయి. పేడ, మూత్రం, కడిగిన నీళ్లు అన్నీ ఒక పెద్ద గుంతలోకో తొట్టిలోకో చేరతాయి. కొన్ని వారాలకు పైన చెక్కు కడుతుంది. గాలికి గడ్డి గింజలు పడి ఆ చెక్కు మీద పచ్చగా గడ్డి కూడా మొలుస్తుంది. పిల్లల కళ్లకు అది నేలే. కాలు వేస్తే చెక్కు పగులుతుంది. లోపలిది నీరు కాదు కాబట్టి ఈదలేరు, మట్టి కాదు కాబట్టి నిలబడలేరు, గోడలకు పట్టు దొరకదు. చెక్కు కింద హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పోగవుతుంది. కుళ్లిన గుడ్డు వాసన కదా, తెలిసిపోతుంది అనుకుంటాం. గాలిలో పది లక్షల వంతులకు 100 వంతులు దాటితే ఆ వాయువు ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన ఆగిపోయింది, పోయిందిలే అనుకున్న క్షణమే ఎక్కువ ప్రమాదం. కాపాడటానికి దిగినవాళ్లు కూడా అందులోనే పడిపోతారు. మన దగ్గర పూడిక తీయడానికి దిగిన పాతబావుల్లో, మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో ఒకరి వెనక ఒకరు పోయేది సరిగ్గా ఇలాగే.

పొలం మందు సంగతి మనకు బాగా దగ్గరిది. 1960ల నుంచి బ్రిటన్‌లో పారాక్వాట్ అనే గడ్డిమందు వాడకంలో ఉండేది. దాని గాఢ ద్రావణం ముదురు గోధుమరంగులో కోలా పానీయంలా ఉండేది. డబ్బాలోంచి కాస్త ఖాళీ సీసాలోకి వంపి షెడ్డు గూట్లో పెడితే పిల్లలు తాగేవారు. 20 శాతం ద్రావణం 10–15 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు చెంచాలు, పెద్దమనిషికే ప్రాణాంతకం. విరుగుడు లేదు. ముందు నోరు, గొంతు పుళ్లు పడతాయి, తర్వాత మూత్రపిండాలు, ఆ తర్వాత రోజుల తరబడి ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. మొదటిరోజు పిల్ల బాగానే ఉన్నట్టు కనిపించడం దీని ఘోరం. తర్వాత్తర్వాత ఆ మందులో నీలంరంగు, దుర్వాసన, వాంతి తెప్పించే పదార్థం కలపడం మొదలుపెట్టారు. ఆ రంగు ఎంతమందిని ఆపిందో లెక్క చెప్పలేను గానీ, సీసా చూడగానే తేడా తెలిసేలా చెయ్యడం మందు తయారుచేసేవాడి పని అని ఒప్పుకోవడమే అందులో గొప్ప.

తెలుగు ఊళ్లలో ఇప్పటికీ గడ్డిమందు లీటరు డబ్బాలోంచి కూల్‌డ్రింకు సీసాలోకి, నీళ్ల సీసాలోకి మారుతూనే ఉంది. పక్కరైతు కాస్త ఇమ్మన్నాడనో, సగం మిగిలిందనో. మారిస్తే లేబుల్ పోతుంది, లేబుల్ పోతే డాక్టరుకు ఏ మందో తెలియదు. ఎవరైనా తాగితే ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించకూడదు, కాలిన గొంతు మళ్లీ కాలుతుంది. డబ్బాను లేబుల్‌తో సహా పట్టుకుని, మనిషి బాగానే ఉన్నట్టనిపించినా సరే, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఇక్కడే నా అభ్యంతరం. ‘అపాచీస్’లో పోయిన పిల్లల తప్పు ఏమిటి? ఆడుకోవడం. మందును గుర్తుతెలియని సీసాలో పోసింది ఎవరు? గుంత చుట్టూ కంచె వెయ్యనిది ఎవరు? బందులకు ఎక్కించకుండా బరువైన గేటును గోడకు నిలువునా ఆనించింది ఎవరు? నిలువుగా ఆనించిన గేటు పడటానికి పిల్లవాడు ఒకసారి ఊగితే చాలు. తాడుతో రెండుచోట్ల కట్టడానికి ఒక్క నిమిషం పట్టేది. ట్రాక్టరును పిల్లల చేతికందేలా వదిలిపోయింది కూడా పెద్దమనిషే. కెమెరా మాత్రం పిల్లల వెంటే తిరుగుతుంది. రైతుసంఘం సమావేశంలో పెద్దలను కూర్చోబెట్టి ఆ 27 నిమిషాలూ చూపించి ఉంటే అది ఇంకో చిత్రం అయ్యేది. పదమూడేళ్లు నిండని పిల్లలు ట్రాక్టరు మీద ఎక్కి తిరగకూడదని అక్కడ నిబంధన ఉంది. ఆ నిబంధన మాట్లాడేది పెద్దలతో. అందుకే అది నాకు ఎక్కువ నచ్చుతుంది.

1977లోనే బ్రిటిష్ రైల్వేల చిత్రవిభాగం ‘ది ఫినిషింగ్ లైన్’ విడుదల చేసింది. జాన్ క్రిష్ తీశాడు, 20 నిమిషాలు. పట్టాల మీద బడి క్రీడోత్సవం జరిగితే ఎలా ఉంటుందో ఒక కుర్రాడు ఊహించుకుంటాడు. కంచె తెంపే పోటీ, రైలు మీద రాళ్లేసే పోటీ, రైలుకు ఎదురుగా ఆఖరున పట్టాలు దాటే పోటీ, సొరంగంలో నడక. బ్యాండు మోగుతుంటుంది, మైకులో ప్రకటనలు, రక్తమోడే పిల్లలు. చివర్లో పెద్దలు పిల్లల శవాలను మోసుకొచ్చి పట్టాల మీద వరసగా పడుకోబెడతారు. టీవీలో కూడా వేశాక గొడవ పెరిగి, 1979లో వెనక్కి తీసుకున్నారు. దాని స్థానంలో ‘రాబీ’ వచ్చింది, రైలు కింద రెండు పాదాలు పోగొట్టుకున్న ఒకే ఒక్క కుర్రాడి కథ.

వెనక్కి తీసుకోవడం సబబేనని నా ఉద్దేశం, అయితే కారణం రక్తం కాదు. క్రీడోత్సవంలా చూపించేసరికి పోటీ అనే ఆలోచనే పిల్లలకు కొత్తగా అందింది. అసలు చెప్పాల్సిన లెక్క చెప్పలేదు. అక్కడ 1976 చివర్లో గంటకు 200 కిలోమీటర్ల రైళ్లు పట్టాలెక్కాయి. ఆ వేగంతో వచ్చే రైలు బ్రేకు వేశాక ఆగడానికి దాదాపు 2 కిలోమీటర్లు కావాలి. అర కిలోమీటరు దూరంలో కనిపించిన రైలు మన దగ్గరికి రావడానికి పట్టేది 9 సెకన్లు. నేరుగా ఎదురొచ్చే వస్తువు కంటికి కదులుతున్నట్టు తోచదు, ఆఖరి క్షణంలో ఒక్కసారిగా పెద్దదవుతుంది. ఆ 9 సెకన్లను గడియారం పెట్టి చూపిస్తే చాలు, శవాలతో పని లేదు.

కరెంటు మీద 1978లో వచ్చిన ‘ప్లే సేఫ్’ ఈ విషయంలో మెరుగు. సబ్‌స్టేషన్‌లో పడ్డ ఫ్రిస్బీ (విసిరి ఆడుకునే ప్లాస్టిక్ పళ్లెం) కోసం కంచె ఎక్కిన కుర్రాడి కేక అందరికీ గుర్తుండిపోయింది. దాంతోపాటే కరెంటు నేలకు దారి వెతుక్కుంటుందని, గాలిపటం దారం కూడా ఆ దారి కాగలదని అది విడమరిచి చెప్పింది. మనకు సంక్రాంతి ఉంది కాబట్టి ఇది పరాయి మాట కాదు. ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మరుకు వచ్చే తీగల్లో 11,000 వోల్టులు ఉంటాయి. నూలుదారం తడిస్తే, మాంజాకు లోహపు పొడి పూసి ఉంటే, కరెంటు చేతిదాకా వస్తుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. తీగకు చిక్కిన పటాన్ని ఇనుపచువ్వతో గానీ పచ్చివెదురుతో గానీ లాగకూడదు. పటం పోతే పోయింది. దారం తెంపి వదిలేయడమే.

భయం ఎంతవరకు పనిచేస్తుందన్నది ఊహాగానం కానక్కర్లేదు, దీని మీద పాత ప్రయోగాలున్నాయి. 1953లో ఇర్వింగ్ జానిస్, సెమూర్ ఫెష్‌బాక్ అమెరికా హైస్కూలు పిల్లలకు పళ్ల శుభ్రత మీద మూడు రకాల పాఠాలు చెప్పించారు. కొద్దిగా భయపెట్టిన పాఠానికి 36 శాతం, మధ్యస్థానికి 22 శాతం, కుళ్లిన చిగుళ్ల బొమ్మలు చూపించి హడలెత్తించినదానికి 8 శాతం మంది నికరంగా చెప్పినట్టు అలవాటు మార్చుకున్నారు. ఎక్కువ భయపడ్డవాళ్లు ఆ సంగతినే మనసులోంచి తోసేశారు. 1965లో హోవర్డ్ లెవెంథాల్ బృందం యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థులకు ధనుర్వాతం గురించి భయపెట్టే కరపత్రాలిచ్చింది. చదివిన చాలామంది టీకా వేయించుకోవాల్సిందే అన్నారు. వేయించుకున్నది 3 శాతం. అదే కరపత్రంతో పాటు ఆరోగ్యకేంద్రం గుర్తుపెట్టిన పటం ఇచ్చి, నీ వారంలో ఏ రోజు ఏ గంటకు వెళ్లగలవో చూసుకో అన్నప్పుడు 28 శాతం వెళ్లారు. వాళ్లంతా ఆఖరి సంవత్సరం విద్యార్థులే, ఆ భవనం ఎక్కడుందో తెలియనివాళ్లు కారు. భయమే లేకుండా పటం ఒక్కటే ఇస్తే మాత్రం ఎవరూ కదల్లేదు. అంటే భయమూ కావాలి, పటమూ కావాలి.

మన సినిమాహాళ్లలో పొగాకు ప్రకటనలను ఇదే గజంతో కొలవచ్చు. 2012 అక్టోబరు 2 నుంచి, పొగతాగే దృశ్యాలున్న సినిమాలకు ముందు, మధ్యలో కనీసం 30 సెకన్ల చొప్పున వెయ్యాలన్నది నిబంధన. అవి ఎప్పుడొస్తాయో ప్రేక్షకుడికి సెకన్లతో సహా తెలుసు. బ్రిటన్ చిత్రానికున్న ఆ చెప్పాపెట్టకుండా వచ్చే గుణం వీటికి లేదు. అందుకే హాలంతా గొంతు కలిపి అప్పజెప్పేదాకా వచ్చింది, ఒక ప్రకటనలోని ‘ఈ నగరానికి ఏమైంది’ అన్న మాట 2018లో ఒక సరదా సినిమాకే పేరైంది. సిగరెట్ పెట్టెల మీద 2018 నుంచి అచ్చవుతున్న 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరు నా దృష్టిలో కుళ్లిన నోటి బొమ్మ కన్నా విలువైనది. అది లెవెంథాల్ చేతిలో పెట్టిన పటం లాంటిది.

ఇంత చెప్పాక, మన చెరువుకు 90 సెకన్లు తీస్తే ఏముండాలో కూడా చెప్పాలి. మే నెల, వేసవి సెలవులు. జేసీబీతో మట్టి తవ్విన చెరువు. నలుగురు పిల్లలు. మోకాలిలోతులో నడుస్తున్నవాడు ఇంకొక్క అడుగు వేస్తాడు, మనిషి నిలువు రెండింతల లోతు. నీళ్ల కింద నుంచి కెమెరా ఆ నిట్టనిలువు అంచును చూపించాలి. పైనుంచి చూస్తే నీళ్లన్నీ ఒకే రంగు. మునిగేవాడు సినిమాల్లోలా చేతులూపి అరవడు. నోరు నీటిమట్టానికి పైకీ కిందికీ వస్తుంటుంది, చప్పుడుండదు. రెండోవాడు దూకబోతాడు, మూడోవాడు రెక్క పట్టి ఆపుతాడు. మన దగ్గర ఒకరి కోసం ఒకరు దిగి ముగ్గురు నలుగురు పోయిన వార్త ప్రతి వేసవిలో చదువుతున్నాం. ఆ ఆపే చెయ్యిని దగ్గరగా చూపించాలి. తర్వాత గట్టున బోర్లా పడుకుని తువ్వాలు విసరడం, తువ్వాలు అందకపోతే మూత బిగించిన 20 లీటర్ల ఖాళీ నీళ్లక్యాన్‌కు తాడు కట్టి విసరడం. నీళ్లలో మనిషి బరువు చాలావరకు నీరే మోస్తుంది, తల పైన నిలపడానికి ఆ క్యాన్ ధారాళంగా చాలు. ఒకడు 112కు ఫోను చేస్తుంటాడు. బయటికి తీశాక తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం వద్దు. ఊపిరి లేకపోతే ముందు నోట్లోకి ఊపిరి ఊదాలి, ఆపైన ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 2 ఊపిర్లు, మళ్లీ 30.

ఆఖరి షాట్‌లో పిల్లలు ఉండరు. పంచాయతీ మనిషి చెరువుగట్టు మీద వేపచెట్టుకు మేకు కొట్టి, తాడుతో సహా ఆ క్యాన్‌ను తగిలిస్తాడు. పక్కన బోర్డు మీద బొమ్మా పుర్రే ఏమీ ఉండవు. లోతు 4 మీటర్లు అని, గుంత ఎటువైపు ఉందో చూపించే ఒక బాణం.